అడక్కుండా వేసిన సూది, అడిగినా వెయ్యని సూది

గర్భిణులు వ్యాక్సిన్ వేయించుకోవాలని చెప్పడం స్త్రీవాదుల పనా? అందుకు ప్రభుత్వం ఉంది, డాక్టర్లున్నారు, ఆస్పత్రి గోడల మీద బొమ్మలున్నాయి. మనం కూడా పోయి ఆ వరసలో నిలబడితే మన రాతకీ ఆరోగ్యశాఖ కరపత్రానికీ తేడా ఏముంటుంది? ఒక సభలో నన్ను ఒక సీనియర్ రచయిత్రి ఈ ప్రశ్న అడిగారు. ఆవిడ ప్రశ్న వెనక నలభై ఏళ్ళ ఉద్యమ అనుభవం ఉంది. కాబట్టి అది తేలిగ్గా కొట్టిపారెయ్యాల్సిన ప్రశ్న కాదు. కానీ నా జవాబు మాత్రం స్పష్టం. అవును, అది మన పనే. పైగా ఇంతకాలం మనం దాన్ని మన పని అనుకోకపోవడం వల్ల జరిగిన నష్టం ఆడవాళ్ళకే జరిగింది.

ముందుగా మన అపనమ్మకం గురించి మాట్లాడుకుందాం. అది గాలిలోంచి పుట్టలేదు. ఎమర్జెన్సీలో మగవాళ్ళని పట్టుకుపోయి ఆపరేషన్లు చేసి, అది ఓట్లలో బెడిసికొట్టాక కుటుంబ నియంత్రణ భారమంతా ఆడవాళ్ళ కడుపుల మీదకి మళ్ళించిన రాజ్యం ఇది. 1980ల మధ్యలో హైదరాబాద్ పక్కనే ఉన్న పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ని పేద ఆడవాళ్ళ మీద ప్రయోగించబోయారు. అది ప్రయోగమన్న సంగతి వాళ్ళకి సరిగా చెప్పనేలేదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు అక్కడికి వెళ్ళి నిలదీశారు. 1986లో ఢిల్లీ సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ తరవాత హైదరాబాద్ ఆడవాళ్ళు కలిసి తయారుచేసిన 'సవాలక్ష సందేహాలు' మా తరానికి మా ఒళ్ళు మాకే పరిచయం చేసిన పుస్తకం.

ఇంకొకటి కూడా గుర్తు చేసుకోవాలి. టీటీ ఇంజక్షన్ వేయించుకుంటే పిల్లలు పుట్టరని బస్తీల్లో, తండాల్లో ఒక పుకారు చాలాకాలం తిరిగింది. చదువుకున్నవాళ్ళు దాన్ని మూఢనమ్మకం అని నవ్వేశారు. కానీ ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో, గర్భం నిలవడానికి అవసరమైన హెచ్‌సీజీ అనే హార్మోన్‌ని ధనుర్వాతం టాక్సాయిడ్‌తో జతచేసి గర్భనిరోధక వ్యాక్సిన్ తయారుచెయ్యడానికి ప్రయోగాలు జరిగిన మాట నిజం. 1990ల మొదట్లో ఆడవాళ్ళ మీద పరీక్షించిన మాటా నిజం. ఊళ్ళలో వేసే టీటీలో అది లేదు. ఆ రెండూ వేరు వేరు. కానీ రెండూ వేరని బస్తీలోకి వెళ్ళి కూర్చుని చెప్పినవాళ్ళెవరు? రహస్యంగా పనిచేసే అలవాటున్న వ్యవస్థ గురించి పుకార్లు పుడితే అది వినేవాళ్ళ అజ్ఞానం ఒక్కటే కాదు.

2009లో మన ఖమ్మం జిల్లా భద్రాచలం ఏజెన్సీలో పది నుంచి పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండా హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేశారు. చాలామంది హాస్టల్ పిల్లలు. కోయపిల్లలు, పేదింటి పిల్లలు. తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు పెట్టారు. గొడవయ్యాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ తతంగాన్ని తూర్పారబట్టింది. అక్కడ జరిగిన మరణాలకి వ్యాక్సిన్ కారణమని విచారణలో తేలలేదు. అనుమతి తీసుకున్న పద్ధతి అన్యాయమని మాత్రం తేలింది. ఈ తేడా ఇప్పుడు నేను చెప్పబోయేదానికి చాలా ముఖ్యం. భద్రాచలంలో దోషి మందు కాదు. ఆ పిల్లని, ఆమె తల్లిని అడగాల్సిన అవసరం లేదనుకున్న ధీమా దోషి.

ఈ ఉద్యమాలన్నిట్లో మనం అడిగింది ఒకటే. ఈ మందు ఎవరి అవసరం కోసం? నాకెందుకు చెప్పలేదు? నన్నెందుకు అడగలేదు? నెట్-ఎన్ జనాభా లెక్కలు తగ్గించుకోవాలనుకున్న ప్రభుత్వ అవసరం. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లోకి ఎక్కించి, వద్దనుకున్నా నెలల తరబడి బయటికి తీసుకోలేని మందు అది. దాన్నీ, బిడ్డని ధనుర్వాతం నుంచి కాపాడే సూదినీ ఒకే గాటన కట్టడం మన రాజకీయం కాదు. ఎప్పుడూ కాలేదు కూడా. కానీ క్రమంగా మనలో కొందరికి అనుమానమే రాజకీయమైపోయింది. సూది కనపడితే చాలు, వెనక కంపెనీ కనపడుతుంది. కంపెనీ ఉంది, నిజమే. సూది ముందు ఒక ఆడమనిషి కూడా ఉంది.

ఇప్పుడు టీటీ సంగతికొద్దాం. పాత కాలంలో కొడవలితోనో, బ్లేడుతోనో బొడ్డు కోస్తే, ఆ గాయంలోంచి క్రిమి ఒంట్లోకి పోతే, పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ పాలు తాగడం మానేస్తుంది. దవడలు బిగుసుకుంటాయి. ఒళ్ళంతా విల్లులా వంగిపోతుంది. చాలా ఇళ్ళలో రెండు వారాలు నిండకముందే పిల్లని పాతిపెట్టేవాళ్ళు. గాలి సోకిందనేవారు, దిష్టి అనేవారు. ఇంకా కోపమొస్తే మంత్రసానిని తిట్టేవారు. ఆ మంత్రసాని చాలా ఊళ్ళలో దళిత స్త్రీ, చాకలి స్త్రీ, మంగలి స్త్రీ. పురుడు పొయ్యడానికి పనికొచ్చిన ఆమె చేతులు పిల్ల పోగానే అపవిత్రమైపోయేవి. 1988లో ప్రపంచం మొత్తం మీద ఇలా చనిపోయిన పసిబిడ్డలు 7,87,000 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గర్భిణులకి టీటీ ఇవ్వడం, శుభ్రమైన కాన్పు, ఈ రెండూ కలిసి ఆ లెక్కని మార్చాయి. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని తుడిచిపెట్టినట్టు మన దేశంలో మొట్టమొదట 2003లో నిర్ధారించింది అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనే. దేశం మొత్తానికి 2015లో ఆ మాట అనగలిగారు.

ఇది చిన్న విజయం కాదు. మన ఆరోగ్య వ్యవస్థ ఆడవాళ్ళకి చేసిన కొద్దిపాటి మంచి పనుల్లో ఇదొకటి. కానీ దీన్ని సాధించిన తీరు చూడండి. చీటీ చూసి, 'చెయ్యి చాపమ్మా' అంటారు. చేస్తారు. పంపించేస్తారు. ఇది ఏ జబ్బుకి, ఎవరికి ఉపయోగం, రేపు చెయ్యి ఎందుకు నొప్పి పుడుతుంది, రెండోది నాలుగు వారాల తరవాత ఎందుకు, ఇదివరకటి కాన్పులో వేయించుకుంటే ఇప్పుడు ఒక్కటే చాలా, ఇవేమీ చెప్పరు. ముగ్గురు పిల్లల తల్లులు నాతో, 'అదేదో కడుపు సూది, అందరికీ వేస్తారుగా' అన్నారు. ఇప్పుడు టీటీ స్థానంలో టీడీ వచ్చింది. అంటే ధనుర్వాతంతోపాటు కంఠసర్పి నుంచి కూడా రక్షణ. సూది మారిన సంగతి ఎంతమంది గర్భిణులకి చెప్పారు? తల్లీబిడ్డల కార్డులో సూది వేసిన తేదీకి గడి ఉంటుంది. చెప్పామా, ఆమె ఏమడిగింది అన్నదానికి గడి ఉండదు. మంచి సూదే. అడక్కుండా వేసిన సూది.

ఇక అడిగినా వెయ్యని సూది సంగతి.

2021 జనవరి 16న దేశంలో కోవిడ్ వ్యాక్సిన్ మొదలైంది. ముందు ఆరోగ్య సిబ్బందికన్నారు. మా చిన్నాన్న కూతురు ఒక జిల్లా ఆస్పత్రిలో కాన్పుల వార్డులో నర్సు. అప్పుడు దానికి నాలుగో నెల. వార్డులో అందరూ వేయించుకున్నారు. దీన్ని మాత్రం వెనక్కి పంపారు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి లేదని కాగితంలో రాసి ఉంది. డ్యూటీ మాత్రం ఉంది. ఏప్రిల్‌లో, నొప్పులతో వచ్చినవాళ్ళలో ఎవరికి కోవిడ్ ఉందో ఎవరికి లేదో తేలకముందే పురుళ్ళు పోసే రోజుల్లో, ఏడో నెల కడుపుతో అది నైట్ డ్యూటీ చేసింది. పెద్ద డాక్టరుగారిని రెండుసార్లు అడిగింది, నా పూచీ మీద వెయ్యండి సార్ అని. రూల్ లేదన్నారు. మే మొదటి వారంలో జబ్బుపడింది. ఆక్సిజన్ మీద తొమ్మిది రోజులుంది. నెలలు నిండకుండానే కాన్పయింది. ఇద్దరూ బతికారు. 'అక్కా, వార్డులో చాకిరీకి పనికొచ్చిన ఒళ్ళు సూదికి పనికిరాలేదు చూశావా' అంది నాతో ఫోన్లో, ఇంకా ఆయాసపడుతూనే.

ఇది మా ఇంటి దురదృష్టం మాత్రమే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. ఆ నెలల్లోనే ఉత్తరప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికల డ్యూటీలకి టీచర్లని పంపారు. వాళ్ళలో గర్భిణులు కూడా ఉన్నారు. ఇంటింటికీ తిరిగి జ్వరాలు లెక్కపెట్టిన ఆశా కార్యకర్తల్లో, అంగన్‌వాడీ టీచర్లలో గర్భిణులు లేరా? ఐసీఎంఆర్ వాళ్ళ అధ్యయనమే చెప్పింది. కోవిడ్ సోకిన గర్భిణుల్లో, బాలింతల్లో మొదటి దఫాలో నూటికి 0.7 మంది చనిపోతే రెండో దఫాలో 5.7 మంది చనిపోయారు. ఆస్పత్రులకి చేరినవాళ్ళ లెక్క అది. అప్పటికే అమెరికాలో వ్యాక్సిన్ వేయించుకున్న 35,691 మంది గర్భిణుల సమాచారం 2021 ఏప్రిల్‌లో వైద్యపత్రికలో వచ్చింది. ఆందోళన పడాల్సిన సూచనలేవీ కనపడలేదని అందులో రాశారు. అదే నెలలో బ్రిటన్ గర్భిణులకి వ్యాక్సిన్ ఇవ్వొచ్చంది. మన దగ్గర గర్భిణి ఇష్టప్రకారం ఇవ్వొచ్చని వ్యాక్సిన్ల సలహాసంఘం మేలో సిఫార్సు చేసింది. ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫాగ్సీ కూడా ఇవ్వమంది. మే 19న పాలిచ్చే తల్లులకి మాత్రం ఒప్పుకున్నారు. గర్భిణులకి ఒప్పుకున్నది జులై 2న. అప్పటికి రెండో దఫా శ్మశానాల దగ్గర క్యూలు ముగిశాయి.

మీరడగొచ్చు, అమెరికాలో వాడిన వ్యాక్సిన్‌లు వేరు, మనవి వేరు కదా అని. నిజమే. కోవిషీల్డ్, కోవాగ్జిన్‌ల గురించి గర్భిణుల విషయంలో అప్పటికి తగినంత సమాచారం లేదు. కానీ ఎందుకు లేదు? ప్రయోగాల్లోకి గర్భిణులని రానివ్వలేదు గనక లేదు. రానివ్వకుండా ఉండి, తరవాత సమాచారం లేదు గనక ఇవ్వం అంటారు. తలుపు వాళ్ళే వేసి, నువ్వు లోపలికి రాలేదుగా అన్నట్టు. ఈ వలయంలో ప్రమాదాన్ని భరించేది మాత్రం బయట నిలబడ్డ మనిషి. జబ్బు వల్ల చచ్చిపోతే ఎవరి తప్పూ కాదు. మందు వల్ల ఏమన్నా అయితే సంతకం పెట్టిన అధికారి తప్పు. 'జాగ్రత్త' అన్న మాటకి ఇక్కడ అర్థం అధికారి జాగ్రత్త. ఆమె జాగ్రత్త కాదు.

దీనికంతటికీ థాలిడోమైడ్‌ని సాక్ష్యం తెస్తారు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికొచ్చిన ఆ మందుని గర్భిణులు వేవిళ్ళకి వాడారు. 1961 చివర్లో మార్కెట్లోంచి తీసేసేసరికి పదివేల మందికి పైగా పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండానో, ఇతర లోపాలతోనో పుట్టారు. ఎందరో పుట్టగానే పోయారు. ఆ తల్లుల దుఃఖాన్ని ఎవరూ తక్కువ చెయ్యలేరు. అయితే అందులోంచి నేర్చుకోవాల్సిన పాఠం ఏది? ఆ మందు గర్భంలో బిడ్డకి ఏం చేస్తుందో సరిగా పరీక్షించకుండా అమ్మేశారు. కాబట్టి ఇకముందు సరిగా పరీక్షించండి, అన్నది పాఠం. అమెరికాలో ఆ మందుని ఆపిన ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి అడిగింది కూడా అదే, ఆధారాలు చూపించండని. కానీ పితృస్వామ్య వైద్యవ్యవస్థ ఇంకో పాఠం నేర్చుకుంది. ఆడవాళ్ళనే పరీక్షల్లోంచి తీసెయ్యండి అని. 1977లో అమెరికా ఎఫ్‌డీఏ గర్భం రావడానికి అవకాశం ఉన్న ఆడవాళ్ళందర్నీ మందుల తొలిదశ ప్రయోగాలకి దూరం పెట్టమంది. గర్భిణుల్ని కాదు, గర్భం రాగలిగినవాళ్ళందర్నీ! 1993 దాకా ఆ నియమం మారలేదు. గర్భిణుల విషయంలో ఆ బుద్ధి ఇంకా పూర్తిగా మారలేదు. 2018లో కాంగోలో ఎబోలా వచ్చినప్పుడు కూడా గర్భిణులని వ్యాక్సిన్ నుంచి మినహాయించారు. వాళ్ళకీ ఇవ్వాలన్న సిఫార్సు రావడానికి 2019 దాకా పట్టింది. ఎబోలా సోకిన గర్భిణికీ, ఆమె కడుపులో బిడ్డకీ బతికే అవకాశాలు ఎంత తక్కువో తెలిసి కూడా.

ఈ రెండు సూదుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి అడక్కుండా వేశారు. రెండోది అడిగినా వెయ్యలేదు. పైకి రెండూ వ్యతిరేకంగా కనపడతాయి. లోపల ఒకటే. రెండుచోట్లా నిర్ణయం ఆమెది కాదు. రెండుచోట్లా ఆమె ఒక కుండ. లోపలున్న వస్తువు కోసం ఒకసారి కుండకి పూత పూస్తారు, ఇంకోసారి ముట్టుకోకుండా అటక మీద పెడతారు. కుండకి ప్రాణం ఉందనీ, దానికో బుర్ర ఉందనీ ఎవరికీ తోచదు.

అందుకే నాకు 'బిడ్డ కోసం వేయించుకోండి' అనే ప్రచారం మీద కూడా పేచీ ఉంది. బిడ్డ కోసం కూడా, సరే. గర్భిణి రక్తంలో తయారైన రక్షక ప్రొటీన్లు, వీటిని యాంటీబాడీలంటున్నాం, చివరి నెలల్లో మాయ గుండా బిడ్డకి చేరతాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఒంట్లో అవి కొన్నిసార్లు తల్లి ఒంట్లో కంటే ఎక్కువే ఉంటాయి. ధనుర్వాతం, కోరింత దగ్గు లాంటి జబ్బులకి బిడ్డ సొంత టీకాలు ఆరోవారంలోగాని మొదలుకావు. ఆ నడుమ ఉన్న రోజులకి తల్లి ఇచ్చి పంపిన సద్దిమూట అది. సహజ మాతృత్వం గురించి మాట్లాడే స్నేహితులకి నేను చెప్పేది ఇదే. ఇంతకంటే సహజమైనది ఏముంది? వ్యాక్సిన్ ఆమె ఒంటికి జబ్బు గుర్తులు చూపిస్తుంది, అంతే. తక్కిన పనంతా ఆమె ఒళ్ళే చేస్తుంది. తట్టు, రుబెల్లా, ఆటలమ్మ టీకాల్లాగా బతికున్న క్రిమిని బలహీనపరిచి తయారుచేసినవి గర్భంలో ఇవ్వరు. వాటిని గర్భానికి ముందో కాన్పు తరవాతో వేయించుకోవాలి. టీడీ, ఫ్లూ, కోరింత దగ్గు టీకాలు అలాంటివి కావు. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఎంత సేపు పడుతుంది?

కానీ బిడ్డ కోసం మాత్రమే కాదు. 2009 స్వైన్ ఫ్లూలో అమెరికా జనాభాలో నూటికి ఒకరుగా ఉన్న గర్భిణులు మరణాల్లో నూటికి అయిదుగురయ్యారు. గర్భంలో ఊపిరితిత్తుల మీద, గుండె మీద పడే బరువు వల్ల, రోగనిరోధక వ్యవస్థలో వచ్చే మార్పుల వల్ల మామూలు ఫ్లూ కూడా ఆమెకి ప్రాణం మీదకి తెస్తుంది. ఫ్లూ టీకాలో గర్భిణులకి అన్నిటికంటే ముందు చోటివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. ఆమె ప్రాణం ఆమెది గనక కాపాడుకోవాలి. తల్లి గనక మాత్రమే కాదు.

ఇక్కడ వర్గం సంగతి రాకుండా పోదు. కోరింత దగ్గు మూడు నెలల లోపు బిడ్డల్ని చంపుతుంది. 2012లో బ్రిటన్‌లో అది విజృంభించి 14 మంది పసివాళ్ళు చనిపోతే, ఆ అక్టోబరు నుంచే గర్భిణులందరికీ ఉచితంగా టీకా మొదలుపెట్టారు. మూడు నెలల లోపు బిడ్డల్లో అది దాదాపు 90 శాతం రక్షణ ఇచ్చిందని తరవాత లెక్కల్లో తేలింది. మన దగ్గర? హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రిలో ఏడో నెల దాటిన గర్భిణికి టీడాప్ అనే ఆ టీకా ఇస్తారు. వెయ్యి రూపాయలకి పైనే. ఫ్లూ టీకాకి ఇంకో బిల్లు. భద్రాచలంలో, ఉట్నూరులో, పాడేరులో గర్భిణికి టీడీ ఒక్కటే. కోరింత దగ్గు క్రిమికి ఈ తేడాలు తెలియవు. ప్రయోగం చెయ్యాల్సొచ్చినప్పుడు మొదట ఏజెన్సీ ఆడపిల్ల గుర్తొస్తుంది. ఫలితం పంచాల్సొచ్చినప్పుడు ఆ పిల్ల ఎక్కడుందో ఎవరికీ గుర్తురాదు. మన కోపం ఇక్కడ పెట్టాలి.

వైద్యం ఆడవాళ్ళ ఒళ్ళని ఆక్రమించుకుంటోందన్న విమర్శ మనదే. దాన్ని నేను వదులుకోను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. ఇన్ని కడుపులు కొయ్యడానికి ఏ 'జాగ్రత్త' అడ్డం రాలేదు. ముహూర్తం చూసుకుని కోసే చోట బిడ్డ క్షేమం గురించి ఎవరికీ బెంగ కలగలేదు. లాభం వచ్చే కోతకి ఆధారాలక్కర్లేదు, ప్రాణం నిలబెట్టే సూదికి మాత్రం ఆధారాలు చాలవు! ఆక్రమణ అంటే ఎప్పుడూ ఎక్కువ వైద్యం చెయ్యడమే కాదు. అవసరమైన వైద్యాన్ని దక్కనివ్వకపోవడం కూడా.

ఇల్లు ఇంతకంటే మెరుగేమీ కాదు. 2021 జులై తరవాత, గర్భిణికి అన్నీ వివరించి ఆమె ఇష్టప్రకారం వెయ్యాలని మార్గదర్శకాల్లో రాశారు. ఆ మాట సర్కారు కాగితం మీద చూసి నేను సంతోషించాను. కానీ ఆమెకి ఇష్టం అడిగే చోటు ఏది? 'మా ఆయన్నడిగి చెప్తాను' అంటుంది. ఆయన వాళ్ళమ్మనడుగుతాడు. అత్తగారు, 'మేం ఏం వేయించుకున్నామని కన్నాం' అంటుంది. కన్నవాళ్ళలో ఎంతమంది పోయారో ఆ లెక్క ఆవిడ చెప్పదు. చెప్పే అవకాశం ఆవిడకీ ఎవరూ ఇవ్వలేదు. ఆ ఇంట్లో ఫోను కొడుకు చేతిలో ఉంటుంది. ఆ ఫోన్లో వ్యాక్సిన్ వేస్తే కడుపు పోతుందని ఒక వీడియో ఉంటుంది. ఆ వీడియో చేసినవాడికి ఆమె గర్భసంచి మీద ఉన్నంత హక్కు ఆమెకి లేదు.

ఇది వెనకబడ్డ దేశాల జబ్బని ఎవరన్నా అనుకుంటే అమెరికా చూడండి. కూతుళ్ళకి పురుడు పొయ్యడానికి మన తల్లులు విమానాలెక్కి వెళ్ళే దేశం అది. 2025 మే 27న ఆ దేశ ఆరోగ్యమంత్రి రాబర్ట్ కెనెడీ జూనియర్ ఒక నిమిషం కూడా నిండని వీడియోలో, ఆరోగ్యంగా ఉన్న గర్భిణులకి కోవిడ్ వ్యాక్సిన్ సిఫార్సు చెయ్యబోమని ప్రకటించాడు. ఆయనకి అటొకరు ఇటొకరు ఉన్నతాధికారులు. ముగ్గురూ మగవాళ్ళే. సరిగ్గా వారం ముందు ఆయన కిందే ఉన్న ఎఫ్‌డీఏ అధికారులు, కోవిడ్ ఎవరికి ఎక్కువ ప్రమాదమో రాసిన జాబితాలో గర్భాన్ని చేర్చారు. అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం అభ్యంతరం చెప్పింది. గర్భం ఆరోగ్యమో ప్రమాదమో కూడా ఆ ముగ్గురే తేల్చేశారు. అదే రాజకీయం గర్భస్రావం హక్కుని లాక్కుంటోందని మనకి తెలుసు. అక్కడ 'నా శరీరం, నా నిర్ణయం' అన్న మన నినాదాన్ని ఎత్తుకుపోయి వ్యాక్సిన్ వ్యతిరేకులు ప్లకార్డుల మీద రాసుకున్నారు. మనం మాట్లాడకుండా ఊరుకుంటే మన మాటలు ఎవరి నోట్లోకి పోతాయో చూశారా?

నాకు తెలుసు, ఏ గర్భిణినీ బలవంతం చెయ్యకూడదు. వ్యాక్సిన్ వేయించుకోకపోతే రేషన్ ఆపుతాం, కాన్పు చెయ్యం అనడాన్ని నేను నిలబడి వ్యతిరేకిస్తాను. అన్నీ తెలిసి వద్దనే హక్కు ఆమెకుంది. కానీ వద్దనే హక్కు గురించి గొంతు చించుకుని, కావాలనే హక్కు గురించి నోరు మెదపకపోతే అది సగం రాజకీయమే. మా చెల్లెలు వద్దనలేదు. కావాలంది. ఆ మాట వినడానికి ప్రభుత్వానికే కాదు, మన పత్రికలకీ సభలకీ కూడా తీరిక దొరకలేదు. 2021లో మనం శ్మశానాల గురించి రాశాం, వలస కూలీల గురించి రాశాం. రాయాల్సిందే. టీకా కేంద్రం నుంచి వెనక్కి పంపిన గర్భిణి గురించి మనలో ఎంతమందిమి రాశాం?

అందుకని మనం అడగాల్సినవి ఉన్నాయి. కొత్త టీకా ఏదొచ్చినా గర్భిణుల్లో దాన్ని ఎప్పుడు, ఎలా పరీక్షిస్తారో మొదటే చెప్పమనాలి. ఆ పరీక్షల్లోకి ఏజెన్సీ ఆడవాళ్ళని మాత్రమే దింపకుండా చూడాలి. నష్టం జరిగితే పరిహారం ప్రభుత్వం బాధ్యత కావాలి. టీడాప్, ఫ్లూ టీకాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరకాలి. ఏ సూది ఎందుకో తెలుగులో, ఉర్దూలో, కోయలో, గోండిలో చెప్పాలి. చెప్పడానికి ఏఎన్‌ఎంకి తీరిక ఉండాలి. అంటే ఆమె మీద పని తగ్గాలి, జీతం పెరగాలి. ఆశా కార్యకర్తకి తలకింతని కాకుండా నెల జీతం ఇవ్వాలి. భర్తా అత్తగారూ లేకుండా గర్భిణితో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడే చోటు ప్రతి ఆస్పత్రిలో ఉండాలి.

ఇవన్నీ ఆరోగ్యశాఖ కరపత్రంలో ఉండవు. అందుకే అవి రాయాల్సింది మనం. ఆ కరపత్రం ఆమెని చెయ్యి చాపమంటుంది. మనం ఆమెకి చెప్పాల్సింది వేరు. సూది వేయించుకో, అంతకంటే ముందు నోరు విప్పి అడుగు. చెప్పేదాకా అక్కడే కూర్చో. లేదంటే ఎందుకు లేదో కాగితం మీద రాసివ్వమను. ఆ కాగితం పట్టుకుని నువ్వు వస్తే నీతోపాటు కోర్టు దాకా రావడం మాకు కొత్త కాదు. 1986లో ఒకసారి వెళ్ళాం.